నల్లమల పాత దారి: ఉగాది నుంచి ఉగాది దాకా మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

క్రోధి ఉగాది నుంచి విశ్వావసు ఉగాది దాకా, అంటే 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి చివరి వరకు మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, సర్వసభ్య సమావేశంలో కోశాధికారి వివరిస్తారు. ఇక్కడ నేను పని గురించే రాస్తాను, అందులోనూ ఎక్కువ భాగం ఒక్క దారి గురించే.

ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరే కాలిబాట అది. దోర్నాల మీదుగా మోటారు రోడ్డు పడకముందు పడమటి వైపు జనం మల్లన్న దగ్గరికి ఈ అడవిలోంచే నడిచి వెళ్లేవారు. ఇప్పటికీ శివరాత్రికి, ఉగాదికి వేలమంది నడుస్తున్నారు. ఉగాదికి వచ్చేవారిలో కన్నడ భక్తులు ఎక్కువ. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచు అనుకుని పసుపు, కుంకుమ, చీర పట్టుకొస్తారు. అదే దారి పక్కన గూడేల్లో ఉండే చెంచులు మల్లన్నను తమ అల్లుడంటారు. ఇన్ని వందల ఏళ్లు ఈ దారి ముళ్లకంపలో కలిసిపోకుండా ఉందంటే ఈ చుట్టరికాలే కారణమని నా నమ్మకం.

రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడని మనందరికీ తెలుసు. అయితే అడవిలో కనిపించిన ప్రతి మెట్టునూ ఆయన పేరున రాసేయడం మానుకుందాం. ఆ తర్వాత ఎందరో బాగుచేసి ఉంటారు, వాళ్లకూ దక్కాల్సింది దక్కాలి. ఈ ఏడాది మనం భీముని కొలను లోయలోకి దిగే మెట్లను, అక్కడి నుంచి కైలాసద్వారం వైపు ఎక్కే మెట్లను వరసగా ఫొటోలు తీశాం. ఏ మెట్టు చెట్టు వేళ్ల వల్ల లేచింది, ఏది వాన నీటికి కిందికి జారింది, విడివిడిగా రాసిపెట్టాం. మరమ్మతు మాత్రం ఒక్కటి కూడా చేయలేదు. నాలుగు బస్తాల సిమెంటు మోసుకెళ్తే అయిపోతుంది కదా అని కొందరు సభ్యులు మంచి మనసుతోనే అన్నారు. దయచేసి ఆ ఆలోచన వదిలేయండి. పేర్చిన రాళ్ల సందుల్లోంచి నీళ్లు పోవాలి. సందులు మూస్తే నీరు పక్కకు తిరిగి కింది మట్టిని కోసుకుపోతుంది, అప్పుడు ఒక మెట్టు కాదు, వరసంతా కూలుతుంది. పైగా ఇది పులుల అభయారణ్యం. 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్ కింద ఉన్న నేల. అటవీశాఖ అనుమతి లేకుండా ఇక్కడ రాయి కదపకూడదు.

చాలా బాధపెట్టిన సంగతి ఒకటి చెప్పాలి. శివరాత్రి తర్వాత వెళ్లినప్పుడు ఒక పాడుబడ్డ గుడిలో నందిని పక్కకు దొర్లించి, కింద నిలువెత్తు గొయ్యి తవ్వి ఉంది. గుప్తనిధుల పిచ్చి. ఆ గుడి పేరు ఇక్కడ రాయడం లేదు, రాస్తే మరొకరు వెళ్తారు. ఫిర్యాదు చేశాం. పాతకాలపు గుళ్లలో నంది కింద బంగారం ఉంటుందన్న మాటను మన ఊళ్లలో మనమే ఖండించాలి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటినా కలెక్టరుకు తెలపాలి. ఈ సంగతి ఎంతమందికి చెబితే అంత మంచిది.

మరో గుడి దగ్గర భక్తితోనే ఎవరో శాసనానికి ఎనామిల్ రంగు పూశారు. శాసనం అచ్చు తీసేటప్పుడు రాతిని కడిగి, తడి కాగితం అతికించి, బ్రష్షుతో కొట్టి అక్షరాల గుంటల్లోకి దింపుతారు. ఆ తర్వాత పైన సిరా అద్దితే రాయి నల్లగా, అక్షరం తెల్లగా వస్తుంది. గుంటల్లో రంగు నిండిపోతే కాగితం ఎక్కడికి దిగుతుంది? అక్కడ మనకు సగం వరసలే వచ్చాయి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా అడవిలోకి ప్రవేశం ఉండదు కాబట్టి ఆ మూడు నెలలు ఫొటోలకు పేర్లు పెట్టుకుంటూ కూర్చున్నాం. అంతకుముందు వేసవిలో, శ్రీశైలం జలాశయం తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడ్డప్పుడు దాని గోడలన్నీ ఫొటోలు తీశాం. ఏటా నెలల తరబడి నీటిలో ఉండే రాయి కాబట్టి ఇది ప్రతి వేసవిలోనూ చేయాల్సిన పని.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది గూడేల్లో చేసిన రికార్డింగులు. ఈగలపెంట, దోమలపెంట, సున్నిపెంట అనే పేర్లు విని బయటివాళ్లు నవ్వడం చూశాను. మైదానంలో పెంట అంటే చెత్తకుప్ప. చెంచుల మాటలో అది మనుషులు ఉండే చోటు. ఒక్క మాట అర్థం తెలియక ఒక జాతి ఊళ్లన్నిటినీ చిన్నచూపు చూశాం. తేనె తీసే పద్ధతి గురించి ఒక పెద్దాయన చెప్పింది కూడా మరువలేనిది. కొండచరియ మీద నుంచి తాడు పట్టుకుని దిగేటప్పుడు పైన తాడు కాపలా బావమరిదిదేనట. అక్క పసుపు కుంకుమలు ఆయన చేతిలో ఉంటాయి కాబట్టి తాడు వదలడు.

ఆస్ట్రియా నుంచి వచ్చిన పరిశోధకుడు హైమెన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ వైపు చెంచుల మధ్య ఉండి, వాళ్ల గురించి రాసిన పుస్తకాన్ని 1943లో ప్రచురించాడు. అది విలువైన పనే. కానీ ఎనభై ఏళ్ల తర్వాత కూడా వాళ్ల గురించి వేరేవాళ్లు రాసిందే చదువుకుంటూ ఉండడం బాగోదు. అందుకే రికార్డింగుల మొదటి కాపీ గూడేనికే ఇస్తున్నాం, రెండోది మన దగ్గర ఉంటుంది. తేనె చరియలు, దుంపలు దొరికే చోట్లు, కొన్ని దేవతల స్థలాలు మ్యాపులో పెట్టొద్దని పెద్దలు కోరారు. పెట్టలేదు. ఇలా అయితే చరిత్ర అసంపూర్తిగా మిగులుతుందని కార్యవర్గంలో వాదన వచ్చింది. నా అభిప్రాయం వేరు. ఎవరి స్థలమో వాళ్లు వద్దన్నాక మనకు ఆ హక్కు లేదు.

బడిపిల్లలకు ఫొటోల ప్రదర్శన పెడతామని నిరుడు మాట ఇచ్చాం, పెట్టలేకపోయాం. దరఖాస్తు ఆలస్యంగా రాసింది నేనే, క్షమించండి. ఈసారి వానలు మొదలవకముందే పూర్తిచేస్తాం.

వచ్చే ఉగాది నడకలో సేవకు వచ్చే సభ్యులు ప్లాస్టిక్ సీసాలు తేవద్దు. నిరుడు నాగలూటి నుంచి పెచ్చెరువు దాకా మనం ఏరిన సంచుల్లో సగం నీళ్ల సీసాలే. చెంబో, స్టీలు గ్లాసో తెచ్చుకోండి. ముందు నడిచేది గూడెం మనిషి. ఆయన ఆగమన్న చోట ఆగాలి, మాట్లాడొద్దన్న చోట మాట్లాడకూడదు.

ఇట్లు,
కార్యదర్శి