బేబీ షాంపూలో రసాయనం ఎంత ఉందో కూడా చెప్పండి, మంత్రిగారూ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది మెడికల్ షాపు. ‘పసిపిల్లల పౌడర్‌లో విషం’ అని టీవీలో స్క్రోలింగ్ పడిందంటే చాలు, సాయంత్రానికల్లా సగం వాడిన డబ్బాలు మా కౌంటర్ మీదకొస్తాయి. “అన్నా, ఇది పాపకి రాయొచ్చా?” అంటూ ఓ తల్లి ఫోన్‌లో వీడియో పెట్టి చూపిస్తుంది. నా దగ్గరా ఆ వీడియోని మించిన కాగితం ఏదీ ఉండదు.

2019 మార్చిలో జాన్సన్ అండ్ జాన్సన్ బేబీ షాంపూ రెండు బ్యాచ్‌లలో ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం దొరికిందని రాజస్థాన్ ఔషధ నియంత్రణ అధికారులు చెప్పారు. మేం కలపలేదు, ఏ పద్ధతిలో పరీక్షించారో, ఎంత దొరికిందో మాకు చెప్పనేలేదు అని కంపెనీ అంది. ఏప్రిల్‌లో జాతీయ బాలల హక్కుల కమిషన్ అమ్మకాలు ఆపమని రాష్ట్రాలకు రాసింది. ఇంత గొడవలో అసలు లెక్క మాత్రం తల్లుల దాకా రాలేదు. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమే, కాదనను. కానీ అది మన ఒంట్లోనూ కొద్దిగా తయారవుతుంది, పండ్లలోనూ ఉంటుంది. తలకి రాసి వెంటనే కడిగేసే షాంపూతో పాపకి ముప్పుందా లేదా అనేది మోతాదు తెలిస్తేనే తేలుతుంది.

కంపెనీలను గుడ్డిగా నమ్మమని నేననడం లేదు. మహారాష్ట్రలో 2018 డిసెంబర్‌లో తీసిన అదే కంపెనీ బేబీ పౌడర్ శాంపిల్స్‌లో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) తేడా ఉందని 2022 సెప్టెంబర్‌లో ఆ పౌడర్ తయారీ లైసెన్స్ రద్దు చేశారు. ఆ పౌడర్ రాసుకున్న పిల్లలు అప్పటికి ఎల్‌కేజీలో చేరి ఉంటారు! 2023 జనవరిలో బాంబే హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది. పౌడర్ నిజంగా చెడ్డదైతే అన్నేళ్లు అమ్మనిచ్చినట్టు. మంచిదైతే ఊరికే జనాన్ని హడలగొట్టినట్టు.

అందుకే అడుగుతున్నాను. మన రాష్ట్రంలో పిల్లల సరుకు ఏది పరీక్షించినా బ్యాచ్ నంబరు, పరీక్ష పద్ధతి, దొరికిన మోతాదు, అనుమతించిన పరిమితి, ఈ నాలుగూ తెలుగులో, రిపోర్టు వచ్చిన వారంలోపే బయటపెట్టించండి. డబ్బా మానెయ్యాలా, వాడుకోవచ్చా అన్నది కూడా ఒక్క వాక్యంలో చెప్పించండి. లేకపోతే భయపడ్డ తల్లి మా షాపు వదిలి, లేబులే లేని ‘కెమికల్ ఫ్రీ’ పౌడర్ రెట్టింపు ధరకి కొనుక్కుంటుంది. అందులో ఏముందో ఎవరు చూశారు?

ఇంకో సంగతి. పౌడర్‌ని ముఖం దగ్గర దులిపితే అది పసివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్నానం చేయించాక పట్టే సాంబ్రాణి పొగా అంతే. కొన్ని కాటుకల్లో సీసం (లెడ్) ఉంటుంది, పిల్లలకి ఇంతవరకూ పర్వాలేదు అనే హద్దు సీసానికి లేదు. వీటి మీద చర్చ పెట్టిన ఛానెల్ నాకైతే కనపడలేదు. మీ డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఈసారి శాంపిల్స్‌కి బయల్దేరినప్పుడు, సంతల్లో అమ్మే కాటుక డబ్బీలు కూడా నాలుగు పట్టుకెళ్లమనండి.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు యజమాని