మా బర్రెను బతికించిన అన్నకు, చెరువు కట్టకు వచ్చిన అందరికీ

అందరికీ నమస్కారం. ఒళ్లంతా నొప్పులు, వేళ్లు వంగడం లేదు. అయినా ఈ నాలుగు మాటలు ఇవాళే రాయాలని కూర్చున్నాను. రేపు తెల్లారితే మళ్లీ పాలు, పేడ, పొలం. ఆ పనుల్లో పడితే ఎవరికి ఎంత రుణపడ్డానో సరిగా చెప్పలేను.

మాది హనుమకొండ నుంచి ములుగు పోయే రోడ్డు మీద, గూడెప్పాడ్ దాటాక వచ్చే ఒక పల్లె. రోడ్డు పక్కనే చెరువు. మేడారం జాతరకు పోయేవాళ్లు మా కట్ట కింద బండ్లు ఆపుతారు. స్నానాలు చేసి, కోళ్లు కోసుకొని, వండుకొని తిని పోతారు. తాతల కాలం నుంచి ఉన్నదే ఇది. తల్లుల దగ్గరికి పోయే జనానికి మా ఊరు నీడ, నీళ్లు ఇస్తున్నదంటే మాకు సంతోషమే. కానీ ఒకప్పుడు వాళ్లు తిని పడేసినవి మోదుగ విస్తళ్లు. మేకలు తినేవి, మిగిలింది మట్టిలో కలిసేది. ఇప్పుడు మిగిలేవి కవర్లు, థర్మాకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు. వీటిలో నాకు ఎక్కువ భయం బెల్లం కవర్లంటే. తల్లులకు బంగారం అని బెల్లం సమర్పిస్తాం కదా, తిరుగు ప్రయాణంలో ప్రసాదం పంచుకున్నాక ఆ జిగట కవర్లు అక్కడే వదిలేస్తారు. మిగిలిన కూర, అన్నం కూడా కవర్లో పోసి గట్టిగా ముడి వేసి విసిరేస్తారు. ఆ ముడి విప్పడం గొడ్డుకు రాదు. తీపి వాసనో ఉప్పు వాసనో తగిలితే కవరుతో సహా మింగేస్తుంది.

మా బర్రె అట్లాగే మింగింది. ముందు మేత తగ్గింది. తర్వాత నెమరు వేయడం ఆగిపోయింది. బకెట్ నిండా పాలిచ్చేది గ్లాసుడు కూడా ఇవ్వలేదు. అజీర్తి అని నూనె తాగించారు, సూదులు వేశారు. ఒక సాయంత్రానికి ఎడమ డొక్క ఉబ్బి, తడితే డప్పులా మోగుతోంది. నోట్లోంచి చొంగ కారుతోంది, కళ్లు తేలేస్తోంది. దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి పోతే తాళం వేసి ఉంది. అంబులెన్స్ కోసం ఫోన్ చేస్తే బండి వేరే మండలానికి పోయింది, పొద్దునకు చూద్దాం అన్నారు. పొద్దున దాకా అది ఉండదని నాకు కళ్లకు కనిపిస్తోంది. మా ఆయన దాన్ని మెల్లగా నడిపించుకుంటూ రోడ్డు దాకా తెచ్చాడు. పోయే ప్రతి బండికీ చెయ్యి ఊపాను. ఆపిన ఒకరిద్దరు కూడా బర్రె అనగానే వెళ్లిపోయారు.

అప్పుడు ఆగాడు ఆ అన్న. ములుగు అవతల నుంచి మిర్చి బస్తాలు వేసుకొని ఎనుమాముల మార్కెట్‌కు పోతున్నాడు. బండి నిండా బస్తాలు, పైన తాడు కట్టి ఉంది. దిగి, బర్రె డొక్క మీద చెయ్యి పెట్టి చూశాడు. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పక్కనే ఉన్న పంక్చర్ షాపు ముందు పట్టా పరిపించి, బస్తాలు ఒక్కొక్కటి దించడం మొదలుపెట్టాడు.

మిర్చి పండించేవాళ్లకు ఇది ఎంత పనో తెలుసు. రాత్రికే యార్డుకు చేరి వరుసలో పెడితేనే పొద్దున జెండా పాట (యార్డులో వేలం) టైముకు సరుకు ఖరీదుదారు కంట్లో పడుతుంది. అది తప్పితే ఇంకో రాత్రి పడిగాపులు. పైగా బయట పెట్టిన మిర్చికి మంచు తగిలితే తేమ పట్టిందని ధర కోస్తారు. ఇదంతా ఆ అన్నకు నాకన్నా బాగా తెలుసు. "అన్నా, నీ సరుకు" అని నేను నోరు తెరిస్తే, "సరుకుకు ఏం కాదు చెల్లె, నువ్వు తాడు పట్టుకో" అన్నాడు.

బస్తాలు దించాక బండిలో మిర్చి ఘాటు ఎంతుందో చెప్పలేను. నాకే దగ్గు ఆగలేదు. ఆయన షాపులోంచి నీళ్లు అడిగి తెచ్చి బండి అంతా రెండు సార్లు కడిగాడు. ఖాళీ గోనెలు తడిపి కింద పరిచాడు. అప్పటికీ సంతృప్తి లేక తన కండువా తడిపి బర్రె కళ్లు తుడిచి, ఆ తడి బట్టనే దాని ముఖం మీద కట్టాడు. "నోరు లేనిది, కండ్లు మండుతే ఎవరికి చెప్పుకుంటది" అన్నాడు. నేను అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటకు రోడ్డు మీదే కూలబడిపోయాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా కళ్లు నిండుతున్నాయి. సొంత మనిషి కూడా ఆ సమయంలో గొడ్డు కళ్ల గురించి ఆలోచించడు.

బరువుతో ఉన్న బర్రెను బండి ఎక్కించడం మాటలు కాదు. నలుగురు పట్టి ఎత్తితే పొట్ట మీద ఒత్తిడి పడి అక్కడే ప్రాణం పోతుందని ఆయనే చెప్పాడు. కట్ట వాలు దగ్గరికి బండి వెనక్కి తెచ్చి, గట్టు ఎత్తుకు బండి ఎత్తు సరిపోయేలా ఆపాడు. బర్రె తనంతట తనే నడిచి లోపలికి పోయింది. వరంగల్ పశువుల ఆసుపత్రి దాకా గుంత వచ్చిన ప్రతిచోటా బండి నిలిపినంత పని చేసి మెల్లగా పోనిచ్చాడు.

అక్కడ ఆపరేషన్ చేసిన డాక్టరమ్మకు పాదాభివందనం. డొక్క మీద చేత్తో నొక్కి చూడగానే లోపల ఏముందో ఆమెకు అర్థమైంది. నిలబెట్టే, మత్తు సూదులు ఆ భాగానికి మాత్రమే ఇచ్చి, ఎడమ పక్క కోసి పెద్ద పొట్ట తెరిచారు. గొడ్డు మేతను నమలకుండా ముందు మింగి, తర్వాత తీరిగ్గా నెమరు వేస్తుంది కదా. మింగింది చేరేది ఆ మొదటి పొట్టలోకే, దాంట్లో వంద లీటర్లకు పైగా పడుతుందట. గడ్డి అయితే అక్కడ నాని, పులిసి ముందుకు పోతుంది. ప్లాస్టిక్ నానదు, అరగదు, ముందుకు పోయే దారి సన్నం. లోపలే ఉండి తాళ్లతో, పీచుతో పెనవేసుకొని గట్టి ముద్ద అవుతుంది. ఆ ముద్ద చోటంతా ఆక్రమిస్తే మేతకు జాగా ఉండదు, గాలి బయటకు రాదు. ఇనుప తీగ, మేకు లాంటిది ఉంటే రెండో పొట్టలో దిగి, అక్కడి నుంచి గుండెను పొడిచిన కేసులు కూడా చూశానని డాక్టరమ్మ చెప్పారు. మా బర్రెకు తీగ లేదు, అంతవరకు అదృష్టం.

బయటకు తీసినవి చూస్తే నాకు కాళ్లు ఆడలేదు. బెల్లం కవర్లు, పాల ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, పూలదండ దారాలు, నైలాన్ తాడు ముక్క. ఎరువుల బస్తాలో సగం నిండింది. అంతసేపూ బర్రె తల దగ్గర నిలబడి కొమ్ముల మధ్య నిమురుతూ ఉన్నది ఆ మిర్చి అన్నే. కుట్లు వేయడం అయ్యాక డీజిల్ పైసలు ఇవ్వబోతే నా చెయ్యి మూసి వెనక్కి నెట్టాడు. "దాని మందులకు పెట్టు" అన్నాడు. పోతూ పోతూ ఇంకో మాట చెప్పాడు: "ఆ కవర్లు పారెయ్యకు చెల్లె. కడిగి, పాలకేంద్రం ముందట ఆరెయ్యి. ఊరోళ్లు చూస్తరు."

అట్లాగే చేశాను. మేము తీగ కట్టి ఆ కవర్లు ఆరేస్తే, పాలు పోయడానికి వచ్చిన ప్రతి మనిషీ ఆగి చూశాడు. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. తర్వాత ఒకామె మా గేదె కూడా సరిగా మేయట్లేదని వచ్చి అడిగింది. ఇంకొకాయన పోయిన ఏడు చచ్చిపోయిన తన ఎద్దు పొట్టలో ఏముందోనని చాలాసేపు తీగ దగ్గరే నిలబడ్డాడు. ఆ సాయంత్రమే ఆదివారం అందరం కట్టకు పోదామని అనుకున్నాం. ఎవరూ మీటింగ్ పెట్టలేదు.

ఇవాళ ఆ ఆదివారం. కట్ట మైసమ్మ గుడి దగ్గర మొదలుపెట్టి తూము దాకా శుభ్రం చేశాం. మహిళా సంఘం అక్కలు పొద్దు పొడవకముందే వచ్చారు. ముదిరాజ్ అన్నలు తెప్పలు వేసుకొని నీళ్లలో తేలే థర్మాకోల్ అంతా ఏరారు, నీళ్లలో కొట్టుకుపోయి చెట్ల వేళ్లకు చిక్కుకున్న పాత నైలాన్ వలలు కోసి తీశారు. ఒక వలలో రెండు తాబేళ్లు దొరికాయి. ఒకటి చచ్చిపోయి ఉంది, ఒకటి బతికి ఉంది. కాలికి మాంజా దారం చుట్టుకొని కుంటుతున్న కొంగను పిల్లలు పట్టుకొస్తే బ్లేడుతో దారం తీసి వదిలారు. బీరు సీసాల పెంకులు ఎన్ని ఏరామో, మేకల గిట్టలు తెగేది వీటికే అని అప్పుడు తెలిసింది.

మామునూరులో పశువైద్యం చదివే పిల్లలు కొందరు కూడా వచ్చారు. వాళ్లలో ఒక అమ్మాయి అన్నం తినేటప్పుడు సముద్రం సంగతి చెప్పింది. చలికాలం వెళ్లేనాటికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తూర్పు తీరానికి వస్తాయట. నీళ్లలో తేలే కవరు వాటి కంటికి జెల్లీఫిష్‌లా కనిపిస్తుంది, అది వాటి ఆహారం. మింగితే మా బర్రెకు అయినట్టే పేగు మూసుకుపోతుంది. తెగిపోయిన వలల్లో చిక్కితే గాలి పీల్చుకోవడానికి పైకి రాలేక చచ్చిపోతాయి. మా దగ్గర సముద్రం ఎక్కడుంది అని ఒక పెద్దాయన అడిగాడు. మేడారం దగ్గర పారే జంపన్నవాగు గోదావరిలో కలుస్తుంది, గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది కదా తాతా అన్నది. ఆయన ఇంకేమీ అనలేదు, చెయ్యి కడుక్కొని మళ్లీ బస్తా పట్టుకున్నాడు. ముంబైలో వెర్సోవా బీచ్‌ను అఫ్రోజ్ షా అనే లాయర్ 2015లో పక్కింటి పెద్దాయనతో కలిసి ఏరడం మొదలుపెడితే వేల మంది చేరారని, 2018లో అక్కడ తాబేలు పిల్లలు మళ్లీ కనిపించాయని కూడా ఆ అమ్మాయే చెప్పింది. నాకు ఆ మాట చాలా ధైర్యం ఇచ్చింది.

ఒక్కటి మాత్రం అనకుండా ఉండలేను. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. 120 మైక్రాన్ల కన్నా పలచని కవర్లు ఆ ఏడాది చివరి నుంచి నిషేధం. మేం ఏరిన వాటిలో అంతకు మందమున్న కవరు నాకు ఒక్కటీ కనిపించలేదు. అవి ఎక్కడో తయారవుతున్నాయి, లారీల్లో వస్తున్నాయి, హోల్‌సేల్ షాపుల్లో కట్టలు కట్టలుగా దొరుకుతున్నాయి. ఫైన్ పడేది మాత్రం రోడ్డు మీద జామకాయలు అమ్మే ముసలమ్మకు. జాతర ముందు పెద్దవాళ్లు వస్తున్నారంటే రోడ్డుకు కనపడే వైపు ఊడ్చి సున్నం వేస్తారు, కట్ట అవతలి వైపు ఎవరూ చూడరు. అంతమంది ఆగే చోట ఒక్క చెత్త డబ్బా లేదు. ఇవాళ మేం నింపిన బస్తాలు ట్రాక్టర్ రాక ఇంకా కట్ట మీదే ఉన్నాయి. వస్తుంది వస్తుంది అంటున్నారు. కుక్కలు చింపి మళ్లీ చెరువులోకి లాగుతాయేమోనని టెన్షన్‌గా ఉంది. రాత్రిపూట పశువులకు డాక్టర్ దొరకని మండలాలు ఎన్ని ఉన్నాయో, పాడి మీద బతికేవాళ్లను అడిగితే చెప్తారు.

మా ఆయన, అత్తమ్మ, తమ్ముడు, మరదలు రాత్రింబవళ్లు కష్టపడ్డారు. ఇంటివాళ్లే కదా, విడిగా చెప్పేదేముంది.

మిర్చి అన్న పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. ఆపరేషన్ మరునాడు ఆయనే ఫోన్ చేసి "నెమరేసిందా?" అని అడిగాడు. వేసిందన్నా అంటే, మంచిదని పెట్టేశాడు. తన మిర్చికి మంచు తగిలి క్వింటాలుకు ధర తగ్గించారని నాకు ఆయన చెప్పలేదు, తర్వాత పంక్చర్ షాపు తమ్ముడి నోటి నుంచి తెలిసింది. ఇవాళ ఆయన తన ఖాళీ గోనెలన్నీ మూటగట్టి బస్సులో పంపించాడు. మేం ప్లాస్టిక్ నింపింది ఆ గోనెల్లోనే. అన్నా, ఈ పోస్టు నీ పిల్లలు ఎవరైనా చూసి నీకు చదివి వినిపిస్తే చాలు. మా ఇంట్లో పెళ్లికీ చావుకీ ముందు పిలిచే మనిషివి నువ్వే.

అయ్యో, పంక్చర్ షాపు తమ్ముడికి చెప్పనేలేదు. రాత్రంతా మిర్చి బస్తాలకు కాపలా ఉన్నది ఆ పిల్లగాడే. తన దుప్పటి కూడా బస్తాల మీదే కప్పాడు.

ఆపరేషన్ టైములో కరెంటు పోతే ఫోన్ లైట్లు పట్టిన ఆసుపత్రి అటెండర్ అన్నకు, అరువుకు మందులు ఇచ్చిన మెడికల్ షాపాయనకు, మా బర్రె మేయకూడని రోజుల్లో దూడకు తమ బర్రె పాలు పోసిన వెనకింటి అత్తకు, ఇవాళ అందరికీ పులిహోర చేసి పంపిన హోటల్ వదినకు కూడా. గ్లౌజులు తెచ్చిన బడి సార్‌ను మర్చిపోయాను, సార్ ఏమీ అనుకోకండి.

తూము అవతలి వైపు ఇంకా మిగిలే ఉంది. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి మైసమ్మ గుడి దగ్గర కలుద్దాం. చెప్పులు కాకుండా బూట్లు వేసుకొని రండి, సీసా పెంకులు ఉన్నాయి.