వార్షిక నివేదిక: ఒడ్డా స్థానిక చరిత్ర సంఘం, నార్వే

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ నివేదిక రెండు వారాలు ఆలస్యమైంది. కారణం చివర్లో చెబుతాను.

ఈ ఏడాది ఎక్కువ కాలం పాత ఒడ్డా మునిసిపాలిటీ కాగితాలను, ఫొటోలను వరుసలో పెట్టడంతోనే గడిచింది. 1913 జూలై 1న ఉల్లెన్స్‌వాంగ్ మునిసిపాలిటీ నుంచి విడిపోయి వేరు కాపురం పెట్టాం. 1964లో పొరుగు మునిసిపాలిటీ రోల్దాల్‌ను కలుపుకొన్నాం. 2020 జనవరి 1న యోన్‌దాల్‌తో పాటు మళ్ళీ ఆ ఉమ్మడి ఇంటికే చేరాం. పేరు ఉల్లెన్స్‌వాంగ్‌ది, కార్యాలయం ఒడ్డాలో. దీనికి ఏడవాలా, నవ్వాలా అన్న చర్చకు మూడు సమావేశాలు ఖర్చయ్యాయి. నాలుగోది వద్దని మనవి.

శరదృతువులో పాత కార్బైడ్ (నీళ్ళు తగిలితే మండే వాయువు వదిలే రాయిలాంటి పదార్థం) కర్మాగారం దగ్గర జరిపిన సాయంత్రం గురించి మాత్రం కాస్త గర్వంగానే రాస్తున్నాను. ముందుగా 1832లో మన ఊళ్ళోనే పుట్టిన క్నుద్ క్నుద్సెన్ తీసిన ఫొటోలు చూపించాం. వాటిలో ఒక్క పొగగొట్టమూ లేదు. ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ), హిమానీనదం, వాటిని చూడడానికి వచ్చిన దొరలు, అంతే. జర్మనీ చక్రవర్తి రెండో విల్హెల్మ్ కూడా ఇక్కడికి వచ్చి వెళ్ళేవాడు. 1908లో పక్కనున్న తిస్సెదాల్‌లో కరెంటు, ఒడ్డాలో కార్బైడ్ మొదలయ్యాయి. జలపాతాల నీళ్ళు గొట్టాల్లోకి మళ్ళాయి, కూలీలు తరలివచ్చారు, ఊరు ఉబ్బింది. 1913 నాటి విడాకులకు మూలం అక్కడే ఉంది.

తర్వాత ఒక సభ్యుడు తాతగారి ఇత్తడి దీపంలో కార్బైడ్ ముక్కలు వేసి నీటి మర తిప్పారు. బుస్సుమంది. వెల్లుల్లి కుళ్ళినట్టు వాసన. అగ్గిపుల్ల చూపగానే తెల్లటి మంట. ముందు వరుసలోని పెద్దావిడ ముక్కు మూసుకోలేదు, కళ్ళు మూసుకున్నారు. వాళ్ళ నాన్నగారు కొలిమి దగ్గర పనిచేసేవారట. ఆ కర్మాగారం 2003లో దివాలా తీసింది.

రసాయన శాస్త్రవేత్త ఎర్లింగ్ జాన్సన్ 1920లలో ఇక్కడే కనిపెట్టిన ఎరువుల తయారీ పద్ధతిని ప్రపంచం ఇప్పటికీ 'ఒడ్డా ప్రక్రియ' అనే పిలుస్తోందని నేను కూడా ప్రసంగించాను. చప్పట్లు మాత్రం దీపానికే పడ్డాయి.

జింకు కర్మాగారం వల్ల మన ఊరి దగ్గరి సోర్‌ఫ్యోర్డ్‌లో పేరుకున్న కాడ్మియం, పాదరసం వంటి విష లోహాల మాట ఎందుకు ఎత్తలేదని ఒకరు నిలదీశారు. ఆయన అడిగింది న్యాయమే. వచ్చే ఏడాది ముందు అదే పెడదాం.

లెక్కలు తనిఖీ అయ్యాయి, అప్పు లేదు, కాపీలు కాఫీ బల్ల మీద ఉన్నాయి.

దీపం తెచ్చిన సభ్యుడికి, గది ఇచ్చినవారికి, కేకులు చేసిన ముగ్గురికి, వానలో జనరేటర్ మోసిన కుర్రవాళ్ళకు, ఫొటోల వెనుక పేర్లు గుర్తుపట్టిన పెద్దలకు కృతజ్ఞతలు. కుర్చీలు వేస్తామని పద్నాలుగు మంది పేర్లు రాశారు. వచ్చింది ఇద్దరు. వారికి ప్రత్యేక కృతజ్ఞతలు, మిగతా పన్నెండు మంది జాబితా నా దగ్గర భద్రంగా ఉంది. పాత సమావేశాల పుస్తకాలు ఉన్న గది తడిగా ఉందని సంబంధిత అధికారులకు మూడు ఉత్తరాలు రాశాం. 'అందినది' అని మూడు జవాబులు వచ్చాయి.

ఆలస్యానికి కారణం: ఆ పుస్తకాలను నేనే ఇంటికి మోసుకొచ్చి పొయ్యి పక్కన ఆరబెడుతున్నాను. ఇంకా పదకొండు పెట్టెలు మిగిలాయి. మంగళవారం సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను.

కార్యదర్శి