కరపత్రానికి ఉన్న చిరునామా ఫోను ప్రచారానికి ఎందుకు ఉండదు?

సంపాదకులకు,

అయ్యా,

తెనాలిలో మాకు చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. మా నాన్నగారు ట్రెడిల్ మిషను, సీసపు అక్షరాలతో మొదలుపెట్టారు. నా చేతికి వచ్చేసరికి ఆఫ్‌సెట్ అయింది. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు మా రోజువారీ పని. ఎన్నికలు వస్తే కరపత్రాలు, స్టిక్కర్లు, ఓటరు చీటీలు. దాదాపు అన్ని పార్టీల పనీ చేశాను. ఏ పార్టీ కండువా కప్పుకోలేదు. పంచాయతీ, మునిసిపల్ ఎన్నికల మాట మళ్లీ వినిపిస్తోంది. ప్రత్యర్థి మీద అబద్ధాలు చల్లే ప్రకటనల గురించి ఈ వృత్తిలో ఉన్నవాడిగా నేను చూసింది చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఏ ఎన్నికల కరపత్రమైనా అడుగున చూడండి. చిన్న అక్షరాలతో ముద్రాపకుడి పేరు, చిరునామా, ప్రచురణకర్త పేరు, చిరునామా ఉంటాయి. మా ప్రెస్ పేరు పదిమందికి తెలియాలని వేసుకునేది కాదు అది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ సెక్షన్ ప్రకారం ఆ వివరాలు లేకుండా ఎన్నికల కరపత్రం గానీ పోస్టరు గానీ అచ్చు వేయకూడదు. వేయించుకునే మనిషి తానెవరో తెలుపుతూ డిక్లరేషన్ మీద సంతకం చేసి రెండు ప్రతులు ఇవ్వాలి. అతన్ని స్వయంగా ఎరిగిన ఇద్దరు దాన్ని ధ్రువీకరిస్తూ సంతకాలు పెట్టాలి. అచ్చయిన తరువాత డిక్లరేషన్‌ను, కరపత్రం ప్రతులను, ఎన్ని వేశామో, ఎంత తీసుకున్నామో రాసిన కాగితాన్ని మేము కలెక్టరేటుకు పంపాలి. తప్పితే 6 నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎన్నికల ప్రకటన రాగానే అధికారులు ప్రెస్సుల యజమానులను సమావేశానికి పిలిచి ఇదంతా చదివి వినిపిస్తారు.

ఈ కాగితాల పని తలనొప్పి అనే ప్రెస్సు వాళ్లు ఉన్నారు. నేను ఆ మాట అనను. ఆ డిక్లరేషన్ ఎంత పని చేస్తుందో కళ్లారా చూశాను. ఒక అసెంబ్లీ ఎన్నికల్లో ముగ్గురు కుర్రవాళ్లు చేత్తో రాసిన కరపత్రం పట్టుకొచ్చారు. ఫలానా అభ్యర్థి గుడి మాన్యం అమ్ముకు తిన్నాడని అందులో ఉంది. కంపోజింగుకు పంపేముందు డిక్లరేషన్ కాగితం వాళ్ల ముందు పెట్టి, ప్రచురణకర్తగా ఎవరు సంతకం పెడతారు, సాక్షులు ఎవరు అని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వరండాలోకి వెళ్లి ఎవరితోనో చాలాసేపు ఫోనులో మాట్లాడారు. తిరిగి వచ్చి అమ్ముకు తిన్నాడన్న వాక్యం కొట్టేసి, ‘గుడి మాన్యం కౌలు వేలం లెక్కలు ఎందుకు బయట పెట్టలేదు?’ అని రాశారు. సంతకమూ పెట్టారు. అది అడగదగిన ప్రశ్న. ఆనందంగా వేశాను. తరువాత అవతలి వాళ్లు వేలం పాట అంకెలతో జవాబు కరపత్రం వేయించుకున్నారు, అదీ మా దగ్గరే. ఊరి జనం రెండూ చదివారు, కాఫీ హోటళ్ల దగ్గర వాదించుకున్నారు. ఎన్నికల విమర్శ అంటే నాకు తెలిసినంతలో అదే.

కాబట్టి ప్రత్యర్థిని విమర్శించే ప్రకటనలన్నీ ఆపేయాలనే వారితో నేను ఏకీభవించను. అధికారంలో ఉన్నవాడు చేసిన తప్పు ఎత్తి చూపకపోతే ఎన్నికలెందుకు? ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళి కూడా విధానాలు, కార్యక్రమాలు, గత చరిత్ర, చేసిన పని మీద విమర్శను అనుమతిస్తుంది. ప్రజాజీవితంతో సంబంధం లేని వ్యక్తిగత విషయాల జోలికి వెళ్లవద్దని, రుజువు కాని ఆరోపణలు, వక్రీకరణలతో విమర్శించవద్దని అంటుంది. ఆ గీత దాటిన మాటకు ఒక మనిషి పేరు, ఒక ఊరు ఉండి తీరాలన్నదే నా పట్టుదల.

2024 మే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో భూ హక్కుల చట్టం (ల్యాండ్ టైటిలింగ్ యాక్ట్) మీద జరిగిన ప్రచారం గుర్తు చేసుకోండి. ఆ చట్టంలో ప్రశ్నించవలసినవి నిజంగానే ఉన్నాయి. భూ వివాదాలు సివిల్ కోర్టుల పరిధి నుంచి తప్పించి అధికారుల చేతికి పోతాయని న్యాయవాదులు ఎన్నికలకు చాలా ముందు నుంచే ఆందోళన చేశారు. రైతు పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి ఫోటో ఎందుకన్న విమర్శకూ ఆధారం రైతు చేతిలోనే ఉంది, అట్ట మీద ఫోటో కనిపిస్తూనే ఉంది. ఇవి సూటిగా అడిగితే చాలు, చదువు రానివాడికి కూడా అర్థమవుతాయి. కానీ మా ప్రెస్‌లో కటింగ్ మిషను మీద పనిచేసే పెద్దాయనకు ఆ రోజుల్లో వచ్చిన ఫోను అలా లేదు. రికార్డు చేసిన గొంతు. నీ పొలం ఇక నీది కాదన్నట్టుగా చెప్పి ఆగిపోయింది. ఆయనకు కొల్లిపర వైపు అర ఎకరం ఉంది. మరునాడు పని మానుకొని, పాసుపుస్తకం, పాత దస్తావేజులు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని తహసీల్దారు ఆఫీసుకు వెళ్లారు. అక్కడ ఎన్నికల పనుల్లో ఉన్నవాళ్లు ఏం చెబుతారు? సాయంత్రం ప్రెస్‌కు వచ్చి, ‘ఎవరు చేశారో కూడా చెప్పలేదయ్యా, తిరిగి చేస్తే మోగడం లేదు’ అన్నారు. అవతలి పక్షం వైపు నుంచి నా ఫోనుకే వచ్చిన వీడియోల్లో నాయకుల ప్రసంగాలను మధ్యలో కోసి అతికించినవి ఉన్నాయి. వాటి కింద కూడా పేరు లేదు, ఊరు లేదు.

భూ హక్కుల చట్టంపై వచ్చిన రికార్డెడ్ కాల్స్ మీద ఎన్నికల సంఘానికి ఫిర్యాదులు వెళ్లాయి, సీఐడీ కేసు కూడా పెట్టింది. మే 13న పోలింగ్ జరిగిపోయింది. ఆ చట్టాన్ని కొత్త శాసనసభ జులైలో రద్దు చేసింది. చట్టం మంచిదా చెడ్డదా అన్నది నా విషయం కాదు. అర ఎకరం ఉన్న మనిషికి దాని గురించి నిజం తెలుసుకొని ఓటు వేసే అవకాశం దక్కలేదు. నాకు కోపం వచ్చేది అక్కడ.

ఈ దేశంలో టీవీ రాజకీయ ప్రకటనలకు ముందస్తు పరిశీలన మన హైదరాబాదు కేసుతోనే వచ్చిందని చాలామందికి తెలియదు. కేబుల్ టీవీ నిబంధనలు అప్పట్లో రాజకీయ ప్రకటనలను పూర్తిగా నిషేధించాయి. 2004 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధాన్ని పక్కన పెట్టింది. కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జెమినీ టీవీ ప్రతివాదిగా ఉన్న ఆ వ్యాజ్యంలో 2004 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు, ప్రకటనలు వేసుకోవచ్చు గానీ ముందుగా ఎన్నికల అధికారుల కమిటీ చూసి సర్టిఫికెట్ ఇవ్వాలని చెప్పింది. దరఖాస్తులో ప్రకటన తయారీ ఖర్చు, ప్రసారం ఖర్చు రాయాలి. డబ్బు చెక్కు లేదా డ్రాఫ్టు ద్వారానే చెల్లిస్తామని హామీ ఇవ్వాలి. తరువాత 2013లో సోషల్ మీడియా ప్రకటనలకూ ఎన్నికల సంఘం ఇదే పద్ధతి వర్తింపజేసింది. చెప్పుకోవడానికి అంతా ఉంది. అయితే సర్టిఫికెట్ కోసం వచ్చేది పేరు చెప్పుకోగల వాళ్లే. పేరు దాచుకునే వాళ్లు వాట్సాప్ గ్రూపులో పడేసి ఊరుకుంటారు. మిగతా పని మనమే చేసిపెడతాం. తిలా పాపం తలా పిడికెడు.

ఫేస్‌బుక్, గూగుల్ 2019 నుంచి రాజకీయ ప్రకటనకు డబ్బు కట్టినవారి పేరు చూపిస్తున్నాయి. మంచిదే. కానీ అక్కడ కనిపించే పేరు ఎవరూ వినని పేజీది అయితే ఓటరు ఎవరిని నిలదీయాలి? అభ్యర్థి ఖర్చుకు మన రాష్ట్రాల్లో శాసనసభకు 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షల రూపాయల పరిమితి ఉంది. పార్టీల ఖర్చుకు పరిమితి లేదు. మూడో మనిషి చేత తిట్టిస్తే అభ్యర్థి లెక్కలోకీ రాదు, నోరు పారేసుకున్నాడన్న పేరూ రాదు. ఇలాంటి పేజీలు పుట్టేది అందుకే.

ఇక న్యాయం ఎప్పటికి అందుతుందో చూడండి. 2024లో పశ్చిమ బెంగాల్‌లో తృణమూల్ కాంగ్రెస్ మీద బీజేపీ పత్రికల్లో ఇచ్చిన ప్రకటనలను కలకత్తా హైకోర్టు మే 20న నిలిపివేసింది. ఫిర్యాదులను సకాలంలో తేల్చడంలో ఎన్నికల సంఘం ఘోరంగా విఫలమైందని తీర్పులోనే అంది. మే 27న సుప్రీంకోర్టు కూడా ఆ ఉత్తర్వులో జోక్యం చేసుకోలేదు, ఆ ప్రకటనలు పైకే కించపరిచేలా ఉన్నాయని వ్యాఖ్యానించింది. కానీ హైకోర్టు ఉత్తర్వు వచ్చిన రోజుకే ఏడు విడతల పోలింగులో ఐదో విడత నడుస్తోంది. అంతకు ముందు ఏడాది కర్ణాటకలో కాంగ్రెస్, అప్పటి బీజేపీ ప్రభుత్వం మీద అవినీతి రేట్ల పట్టిక అంటూ పత్రికల్లో ప్రకటన వేసింది. ఆధారాలు చూపమని ఎన్నికల సంఘం 2023 మే 6న నోటీసు ఇచ్చింది. పోలింగ్ మే 10న. ఆ ప్రకటన మీద పరువు నష్టం కేసులో కాంగ్రెస్ నాయకులు 2024 జూన్‌లో కూడా బెంగళూరు కోర్టు మెట్లు ఎక్కారు. ఈ రెండింటిలోనూ పార్టీ పేరు ఉంది కాబట్టి కోర్టుకైనా వెళ్లగలిగారు. పేరు లేని వీడియో మీద ఎవరిని పిలుస్తారు?

ఓడినవాడు ఫలితం తరువాత ఎన్నికల పిటిషన్ వేసుకోవచ్చు, 45 రోజుల గడువు ఉంది. ప్రత్యర్థి వ్యక్తిగత ప్రవర్తన మీద అబద్ధమని తెలిసి గానీ, నిజమని నమ్మకుండా గానీ ప్రచారం చేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(4) సెక్షన్ కింద అది అవినీతి చర్య, గెలిచినవాడి ఎన్నిక రద్దవుతుంది. అయితే ఆ మాట నిజమని అతను నమ్మలేదని నిరూపించాలి. విధానాల గురించి, పథకాల గురించి చెప్పిన అబద్ధం ఈ సెక్షన్ కిందికి రానే రాదు. పింఛను ఆగిపోతుందని, పొలం పోతుందని ముసలివాళ్లను భయపెట్టినవాడు దర్జాగా తిరగవచ్చు. క్రిమినల్ చట్టంలో అభ్యర్థి మీద అబద్ధపు ప్రకటనకు ఉన్న శిక్ష జరిమానా ఒక్కటే. పేరు వేయకుండా కరపత్రం అచ్చు వేస్తే నాకు జైలు, లక్ష ఫోన్లకు అబద్ధం పంపినవాడికి జరిమానా. ఈ తేడా చట్టసభల్లో కూర్చున్నవారికి కనిపించదా?

నకిలీ వీడియోల మీద ఎన్నికల సంఘం కొంత కదిలింది. తమ దృష్టికి వచ్చిన 3 గంటల్లో తొలగించాలని 2024 మేలో పార్టీలను ఆదేశించింది. కృత్రిమ మేధతో చేసిన వీడియోల మీద, తెరలో కనీసం 10 శాతం మేర, ఆ సంగతి తెలిపే ముద్ర ఉండాలని 2025 అక్టోబరులో చెప్పింది. రెండూ పార్టీలకు, అభ్యర్థులకు చెప్పినవి. అనామకుడికి ఎవరు చెబుతారు?

మీ పత్రికతో పాటు అన్ని పత్రికలకూ ఒక మాట. పోలింగ్ రోజున, దాని ముందు రోజున అచ్చయ్యే రాజకీయ ప్రకటనలకు ముందస్తు అనుమతి ఉండాలని ఎన్నికల సంఘం ఆదేశిస్తూ వస్తోంది. మిగిలిన రోజుల్లో అడిగేవారు లేరు. మొదటి పేజీని పూర్తిగా కప్పేసే ప్రకటనల్లో వార్తలాగే శీర్షిక, వార్తలాగే ఫోటో, వార్తలాగే అక్షరాలు ఉంటాయి. ‘ప్రకటన’ అన్న మాట మూలన కంటికి ఆనని సైజులో ఉంటుంది. అక్షరాల పాయింట్లతో బతికేవాణ్ని, అది ఎందుకు అంత చిన్నగా ఉంటుందో నాకు తెలుసు. పత్రికలో అచ్చయ్యే ప్రతిదానికీ, ప్రకటనలతో సహా, సంపాదకుడిదే బాధ్యత అని ప్రెస్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. ఒక ఆరోపణను మీ విలేకరి రాసి తెస్తే ఆధారం అడుగుతారు కదా, డబ్బు కట్టి తెచ్చినవాణ్ని కూడా అడగండి. ఆధారం చూపలేకపోతే ఆ పేజీ డబ్బు వదులుకోండి. కరపత్రం వాపసు ఇచ్చిన ప్రతిసారీ మేమూ డబ్బు వదులుకుంటున్నాం. మీకంటే చిన్నవాళ్లం.

స్థానిక ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం కనుక ఈ లేఖ ద్వారా వారిని ఒకటి అడుగుతున్నాను. ఈసారి ప్రెస్సుల వాళ్లకు పెట్టే సమావేశానికి వీడియోలు తయారు చేసే స్టూడియోల వారిని, రికార్డెడ్ కాల్స్, మెసేజీలు గుత్తగా పంపే కంపెనీల వారిని, పార్టీల సోషల్ మీడియా బాధ్యులను, పత్రికల ప్రకటనల విభాగం వారిని కూడా పిలవండి. మా చేత నింపించే డిక్లరేషన్నే వారి చేత కూడా నింపించండి. ప్రతి కాల్ మొదట్లో చేయించినవారి పేరు, ఊరు వినిపించాలి. ప్రతి వీడియోలో చదవగలిగే సైజులో అవి కనిపించాలి. ఫిర్యాదు అందితే ఒక్క రోజులో తేల్చి, ఆ తేల్చింది పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డు మీద, మీ వంటి పత్రికల జిల్లా పేజీల్లో పోలింగుకు ముందే వేయించాలి. ఆ నోటీసులు అచ్చు వేయవలసి వస్తే మా ప్రెస్‌లో పైసా తీసుకోకుండా వేసి ఇస్తాను.

ఇట్లు,
ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమాని,
తెనాలి