నర్సమ్మ రిజిస్టరు: మన ఊరి సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఊళ్ళో ఉన్నవాళ్ళకీ, విశాఖలో, హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో ఉంటూ నెలనెలా చందా పంపేవాళ్ళకీ కూడా. ప్రతి ఏడూ ఈ నివేదిక సంక్రాంతి పోటీలతో మొదలుపెట్టి లెక్కలతో ముగిస్తాను, మధ్యలోది ఎవరూ చదవరని నాకూ తెలుసు. ఈసారి అలా కుదరలేదు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా పెన్ను నర్సమ్మ దగ్గరికే పోతోంది, సరే పోనీ అని అక్కణ్ణుంచే మొదలుపెడుతున్నాను.

సంక్రాంతి వెళ్ళిన మూడో వారంలో నర్సమ్మ పోయారు. ఆవిడకో పేరుంది, జీతం రిజిస్టర్లో ఇంటిపేరుతో సహా ఉండేది, కానీ మనూళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలిచినట్టు నాకు గుర్తులేదు. నేనూ ఇక్కడ నర్సమ్మ అనే రాస్తున్నాను. ఏఎన్ఎమ్‌గా, అంటే ఊళ్ళు తిరిగే ప్రభుత్వ నర్సుగా, మన ఊరి ఆరోగ్య ఉపకేంద్రం సబ్ సెంటర్‌కి వచ్చినప్పుడు ఆవిడకి పాతికేళ్ళు కూడా ఉండవు. బుధవారం, శనివారం టీకాలు. భుజాన ఐసు ముక్కల డబ్బా వేసుకుని జీడితోటల మధ్య ఇసక దారిలో నడిచి వచ్చేవారు. అప్పట్లో ఆ దారిన సైకిల్ కూడా సరిగ్గా పోయేది కాదు. ఇవాళ సంఘంలో ఉన్న కుర్రాళ్ళలో చాలామందికి మొదటి సూది పడింది ఆ చేత్తోనే, గుక్కపెట్టి ఏడ్చిందీ ఆవిడ ఒళ్ళోనే.

శ్రీకాకుళం జిల్లాలో మనం ఉండే ఈ ఉద్దానం సంగతి ఊళ్ళో వాళ్ళకి చెప్పక్కర్లేదు, బయట పుట్టిన మన పిల్లల కోసం నాలుగు ముక్కలు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇదంతా కొబ్బరి, జీడి, పనస పండే పచ్చటి నేల. ఈ నేలమీదే ఏళ్ళ తరబడి కిడ్నీలు పాడైపోతున్నాయి. షుగరు లేనివాళ్ళకీ, తోటలో కష్టపడి పనిచేసే మనిషికీ వస్తోంది. నీళ్ళన్నారు, ఎండలో పనన్నారు, పురుగుమందులన్నారు, ఎందరో వచ్చి రక్తాలూ నీళ్ళూ పట్టుకెళ్ళారు, కారణం ఇదీ అని ఒక్కటి మాత్రం తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం రిజర్వాయరు నీళ్ళు పైపుల్లో తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. అంతకుముందు పెద్ద డాక్టరు చూడాలంటే విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కే పరుగు. ఆ పరుగులో దారిపొడుగునా ధైర్యం చెప్పే మనిషి నర్సమ్మ.

ఆవిడ చెప్పేది మాత్రం పెద్ద డాక్టర్లు చెప్పేదాని కంటే సులువుగా ఉండేది. కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగిందని రిపోర్టు చూపించేసరికే కిడ్నీ సగం పని మానేసి ఉంటుంది, అందుకే బాగున్నప్పుడే చూపించుకోండి అనేవారు. అన్నిటికంటే ఆవిడకి పగ నొప్పి మాత్రల మీద, అవి కిడ్నీల్ని పాడుచేస్తాయని. మా నాన్న మోకాళ్ళ నొప్పికి బడ్డీ కొట్లో మాత్రలు కొని చొక్కా జేబులో వేసుకుని తిరిగేవారు. ఓ రోజు అరుగు మీద కూర్చుని ఉంటే నర్సమ్మ వచ్చి, "ఏటి బాబూ, ఇయ్యేల ఎన్ని మింగీసినావు?" అంటూ ఆ జేబులో చెయ్యిపెట్టి అట్టలన్నీ తీసి తన సంచిలో వేసుకున్నారు. నాన్నకి కోపం వచ్చింది, రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడో రోజు ఆవిడే వచ్చి ఆవనూనెలో కర్పూరం వేసి కాచి ఇచ్చి వెళ్ళారు.

తిత్లీ తుపాను గుర్తుందిగా, 2018 అక్టోబరు 11. ఆ తెల్లారి ఊళ్ళో నిలబడి ఉన్న కొబ్బరిచెట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. నావే చాలా పడిపోయాయి. కొబ్బరి మొక్క వేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, ఆ లెక్క వేసుకుంటూ తోటలో కూలబడి ఉన్నాను. నర్సమ్మ మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, మీ తోటల సంగతి తర్వాత చూసుకోండి, ముందు రంపాలు తీసుకుని సోంపేట రోడ్డు మీద పడ్డ చెట్లు కోయండి, నలుగురికి డయాలసిస్ టైము దాటిపోతోంది అన్నారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆ క్షణం నాకు ఆవిడ మీద నిజంగా ఒళ్ళు మండింది. అయినా వెళ్ళాం, పొద్దుపోయే దాకా కోశాం. ఆ నలుగురిలో ఒకాయన ఇప్పటికీ సర్వసభ్య సమావేశానికి వచ్చి చివరి వరసలో కూర్చుంటారు.

ఇన్ని చెప్పిన మనిషికి అదే జబ్బు వచ్చింది. ఓ పరీక్షల క్యాంపులో సాయంత్రానికి ఒక ట్యూబు మిగిలిపోతే, మేడమ్ మీదీ తీసేద్దాం అని ల్యాబ్ కుర్రాడు సరదాగా అన్నాడట. క్రియాటినిన్ 2.1 వచ్చింది, ఉండాల్సినదానికి దాదాపు రెట్టింపు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు, చాలాకాలం ఉద్యోగం అలాగే చేశారు. కరోనా టీకాలు వేసిన 2021లో కాళ్ళు వాచిపోయి చెప్పులు పట్టక, వాళ్ళాయన చెప్పులు వేసుకుని తిరిగారని తర్వాత తెలిసింది. ఆ తర్వాతే డయాలసిస్, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు.

డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతికి ఫిస్టులా పెట్టారు, అంటే ధమనినీ సిరనీ కలిపి కుట్టడం. చర్మం కింద తాడులా ఉబ్బి, చెయ్యి వేస్తే జుమ్మని కదులుతూ ఉంటుంది. వీధి పిల్లలు దాన్ని చూసి భయపడుతుంటే, వాళ్ళ అరచేయి పట్టుకుని దానిమీద పెట్టి, "బండి స్టార్టయ్యుంది సూడు, ఆగిపోనేదు" అనేవారు. మా మనవడు రోజూ బడి నుంచి వస్తూ బండి నడుస్తోందా అని చెయ్యి పెట్టి చూసి ఇంటికొచ్చేవాడు.

వాళ్ళింటి పెరట్లో ఏడు కొబ్బరిచెట్లు. ఎవరెళ్ళినా బొండాం కొట్టి ఇచ్చేవారు, తాను మాత్రం ఒక్క గుక్క తాగేవారు కాదు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ మనిషికి గుండె ఆగిపోయే ప్రమాదం. పనస తొన లేదు, ఎండుచేప లేదు. కూర ముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండుకోవడం. రోజుకి తాగాల్సిన నీళ్ళు ఓ సీసాలో కొలిచి పెట్టుకుని, సీసా మీద పెన్నుతో పూటకో గీత గీసుకునేవారు. మే నెల ఎండలో ఆ గీతలు చూస్తే మనకే గొంతు ఎండిపోయేది. ఒక్కో డయాలసిస్‌కి మిషనులోంచి దగ్గర దగ్గర 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్ళు పోతాయని, తాగడానికి మాత్రం రెండు గ్లాసులేనని నవ్వుతూ చెప్పేవారు. నాకైతే నవ్వు వచ్చేది కాదు.

ఇక సంఘం ఏం చేసింది అన్నది. కిందటి ఉగాది నుంచి డయాలసిస్ వాళ్ళ కోసం ఆటో మాట్లాడాం, వారంలో మూడు రోజులు, తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరేలా. ఏడాదంతా నడిచింది, ఇది మన పెద్ద పని. కానీ ఒకటి దాచకుండా రాయాలి. నవంబరులో డ్రైవరు వాళ్ళింట్లో పెళ్ళి ఉందని నాకు ముందే చెప్పాడు, వేరే బండి చూడాల్సింది నేను, మర్చిపోయాను. ఆ చలిలో నర్సమ్మా ఇంకో ఇద్దరూ రోడ్డు మీద గంటకి పైగా నిలబడి, చివరికి పాల వ్యానెక్కి వెళ్ళారు. నాలుగు రోజుల తర్వాత వేరేవాళ్ళ నోట విన్నాను. నేను వెళ్ళి క్షమించమంటే, పాలబ్బాయి డబ్బులు తీసుకోలేదు, వాడికి ఏదైనా ఇవ్వండి అన్నారు, అంతే. ఇప్పుడు ఆటో పని నా ఒక్కడి చేతిలో లేదు, ముగ్గురికి అప్పగించాం. అడ్వాన్సు కూడా నెల ముందే ఇస్తున్నాం.

మే 12న నర్సుల దినోత్సవానికి ఆవిడకి సన్మానం చేద్దామనుకున్నాం, శాలువా కూడా కొన్నాం. ఆవిడ ఒప్పుకోలేదు. దసరాకి చూద్దాం అన్నారు, దసరాకి పిలిస్తే సన్మానానికి బదులు ఓ పొడుగు నోటుపుస్తకం నా చేతిలో పెట్టారు. రిటైరయ్యాక కూడా రాస్తూ వచ్చిన రిజిస్టరు అది. ఇంటింటి పేర్లు, బీపీ, క్రియాటినిన్, పరీక్ష చేసిన తేదీ, చివరి గడిలో "ఎవరు గుర్తుచెయ్యాలి" అని. అది చూశాక నాకు అర్థమైంది, ఊళ్ళో మొండివాళ్ళందరికీ ఆవిడ ఒక్కో మనిషిని కాపలా పెట్టారు. ఒకాయనకి కూతురు, ఇంకొకాయనకి టీ కొట్టాయన, ఓ పెద్దావిడకి గుళ్ళో పూజారిగారు.

ఆవిడ పోయాక కార్యవర్గం రెండుసార్లు కూర్చుంది. ఒకరు విగ్రహమన్నారు, ఇంకొకరు ఊరి మొదట ఆర్చ్ అన్నారు. అంత్యక్రియల రోజుకే బస్టాండు నిండా ఫ్లెక్సీలు కట్టారు, వాటిమీద ఆవిడ ఫోటో కంటే కట్టినవాళ్ళ ఫోటోలే పెద్దవి. ఆ మాట నేను సమావేశంలోనే అన్నాను, కొందరికి నచ్చలేదు, నచ్చకపోతే పోనీ. చివరికి వాదనల తర్వాత తీర్మానం ఇది: రెండు బీపీ మిషన్లు, బరువు చూసే మిషను ఒకటి కొని సబ్ సెంటరుకి ఇవ్వడం, రిజిస్టరు కొనసాగించడం. డిగ్రీ చదివే ముగ్గురు ఆడపిల్లలు ఆ బాధ్యత తీసుకున్నారు. మొదటి బుధవారం ఎంతమందికి ఫోన్ చేసినా వచ్చింది పదకొండు మందే. రెండోసారి పిల్లలు ఫోన్లు మానేసి ఆ చివరి గడిలో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళారు, సబ్ సెంటరు అరుగు మీద చోటు చాల్లేదు.

మిగతావి క్లుప్తంగా. సంక్రాంతి ముగ్గుల పోటీ జరిగింది, కబడ్డీ పోటీ మాత్రం గొడవ వల్ల సగంలో ఆగింది, వచ్చే ఏడు బయటి ఊరి రిఫరీని పిలుద్దాం. పదో తరగతి పిల్లలకి బహుమతులు ఇచ్చాం. శ్మశానం దారికి గ్రావెల్ వేయించాం, వీధిలైట్ల గురించి పంచాయతీకి మూడుసార్లు అర్జీ పెట్టాం, సగం వెలుగుతున్నాయి. గ్రంథాలయం బీరువాకి చెదలు పట్టింది, కొత్తది కావాలి, దాతలెవరైనా ఉంటే చెప్పండి. జమాఖర్చుల పట్టిక కోశాధికారిగారు నోటీసు బోర్డులో అంటించారు, ఆటో ఖర్చు అనుకున్నదానికంటే పెరిగింది, చందా పెంచే ప్రతిపాదన మీరే చర్చించి తేల్చాలి. ఆ శాలువా నర్సమ్మ వాళ్ళమ్మాయికి ఇచ్చేశాం.

వచ్చే బుధవారం పొద్దున్న ఏడింటి నుంచి సబ్ సెంటరులో రక్త పరీక్షలు. పరగడుపున రానక్కర్లేదు, పాత రిపోర్టులు మాత్రం తెచ్చుకోండి, వేసుకుంటున్న మాత్రల అట్టలు కూడా, నొప్పి మాత్రలైతే దాచకుండా తెండి. రెండేళ్ళుగా పరీక్ష చేయించుకోనివాళ్ళ జాబితాలో నా పేరూ ఉంది. నా పేరుకి ఎదురుగా చివరి గడిలో ఆవిడ చేతిరాతతో "నేనే" అని ఉంది. ఇక్కడ ఎవరి పేరు రాయమంటారు బాబాయ్ అని పిల్లలు అడిగితే, కాసేపు ఏం చెప్పాలో తెలియలేదు. మా ఆవిడ పేరు రాయించాను. బుధవారం ఏడింటికి నేను అక్కడే ఉంటాను.

ఇట్లు,
కార్యదర్శి