రూట్‌ను వదిలేటప్పుడు ముందు గ్రూపులు, ఆ తర్వాతే యూజర్

సంపాదకులకు నమస్కారం.

రూట్‌గా, అంటే వ్యవస్థపై అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా మొదలయ్యే స్క్రిప్టు, ఆ అవసరం తీరగానే సాధారణ యూజర్‌గా మారిపోవాలని మీ సాంకేతిక పుటలో వచ్చిన వ్యాసం సూచించింది. సలహా మంచిదే. 1024 కంటే తక్కువ సంఖ్య ఉన్న నెట్‌వర్క్ పోర్టును తెరవడానికి మాత్రమే రూట్ కావలసినప్పుడు, ఆ తర్వాత కూడా అదే హోదాలో ఉండి బయటి నుంచి వచ్చే డేటాను చదవడమంటే ప్రమాదానికి పీట వేయడమే. అయితే, అందుకు యూజర్‌ను మార్చే సెట్‌యూఐడీ అనే ఫంక్షన్‌ను పిలిస్తే చాలునన్న వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. అది చాలదు.

యూనిక్స్ తరహా వ్యవస్థల్లో ప్రతి ప్రాసెస్‌కూ (నడుస్తున్న ప్రోగ్రాముకూ) యూజర్ సంఖ్యతో పాటు ఒక ప్రధాన గ్రూపు, దానికి తోడు కొన్ని అనుబంధ గ్రూపులు ఉంటాయి. యూజర్‌ను మార్చినంత మాత్రాన ఈ గ్రూపులు వాటంతటవే తొలగిపోవు. రూట్ నుంచి సంక్రమించిన గ్రూపుల్లో ‘డిస్క్’ వంటిది ఒకటి మిగిలిపోయిందనుకోండి, పేరుకు ఏ అధికారమూ లేని ఆ ప్రాసెస్, ఫైళ్ల అనుమతులతో నిమిత్తం లేకుండా డిస్కునే నేరుగా చదవగలుగుతుంది. పైగా గ్రూపులను మార్చే హక్కు రూట్‌గా ఉన్నంతసేపే ఉంటుంది కనుక, ముందుగా యూజర్‌ను మార్చేసుకున్న స్క్రిప్టు ఆ తర్వాత తన గ్రూపులను వదిలించుకోవాలనుకున్నా కుదరదు. అందుకే మొదట సెట్‌గ్రూప్స్‌తో అనుబంధ గ్రూపుల జాబితాను ఖాళీ చేసి, తర్వాత సెట్‌జీఐడీతో ప్రధాన గ్రూపును మార్చి, చిట్టచివరికి సెట్‌యూఐడీని పిలవాలి. పైథాన్‌లో ఇది మూడు వరుసల పని.

సెట్‌యూఐడీకి బదులు సెట్‌ఈయూఐడీని వాడిన స్క్రిప్టులు కూడా తరచూ కనిపిస్తాయి. అది తాత్కాలికంగా హోదా తగ్గించుకోవడానికి ఉద్దేశించినది. దాచి ఉంచిన యూజర్ సంఖ్య సున్నాగానే, అంటే రూట్‌దిగానే ఉండిపోతుంది కాబట్టి, ప్రాసెస్‌లోకి చొరబడినవాడు ఒక్క పిలుపుతో మళ్లీ రూట్ కాగలడు.

ఇక అసలు నిర్లక్ష్యమంతా ఫలితాన్ని చూడకపోవడంలో ఉంది. రూట్‌గా ఉండి పిలిచినా సెట్‌యూఐడీ విఫలమయ్యే సందర్భాలున్నాయి. 2010లో ఆండ్రాయిడ్ ఫోన్లలో జరిగింది ఇదే: ఒక యూజర్‌కు అనుమతించిన ప్రాసెస్‌ల పరిమితి నిండిపోయేలా చేస్తే సెట్‌యూఐడీ విఫలమయ్యేది, కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలు పంపడానికి ఫోన్‌లో నడిచే ఏడీబీ సేవ ఆ సంగతి గమనించకుండా రూట్‌గానే పని కొనసాగించేది. పిలుపు విఫలమైతే పైథాన్ ఎక్సెప్షన్ (పనిని ఆపే దోష సంకేతం) లేవనెత్తుతుంది గనుక కొంత నయం, కానీ దాన్ని పట్టుకుని మౌనంగా దాటవేసే కోడ్ రాస్తే ఆ రక్షణ కూడా పోతుంది. అధికారం వదలలేకపోయిన స్క్రిప్టు అక్కడికక్కడే ఆగిపోవాలి. వదిలిన తర్వాత కూడా, కావాలనే మళ్లీ సున్నాకు మారే ప్రయత్నం చేయించి, అది తిరస్కరణకు గురైతేనే ముందుకు సాగనివ్వాలని నా అభిప్రాయం. లినక్స్‌లో ప్రాసెస్‌ల వివరాలుండే ప్రాక్ (/proc) డైరెక్టరీలో ఆ ప్రాసెస్ స్టేటస్ ఫైలు తెరిస్తే యూఐడీ వరుసలో నాలుగు సంఖ్యలుంటాయి. ఆ నాలుగూ ఒకటే అయి, గ్రూపుల వరుసలో అనుకోనిదేదీ లేకపోతేనే పని పూర్తయినట్టు. (ముందే తెరిచిన ఫైళ్లు, యూజర్ సొంత ఫోల్డర్ ఎక్కడో చెప్పే, రూట్ పేరిట మిగిలిన హోమ్ వేరియబుల్ మాత్రం అప్పటికీ అలాగే ఉంటాయి, వాటిని విడిగా చూసుకోవాలి.)

బాష్ వంటి షెల్ ఆదేశాలతో రాసే స్క్రిప్టుకు తన హోదాను తానే మార్చుకునే వీలు లేదు కాబట్టి, అక్కడ సెట్‌ప్రివ్ అనే ఆదేశాన్ని వాడటం మేలు. గ్రూపును మార్చమని అడిగితే, అనుబంధ గ్రూపులను ఏం చేయాలో కూడా చెప్పనిదే అది ముందుకు కదలదు. మీ వ్యాసంలో లోపించిన ప్రశ్న సరిగ్గా అదే కనుక, తదుపరి సంచికలో ఈ సవరణను ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సర్వర్ నిర్వాహకుడు