యాత్ర మొదలుకాకముందే రోజుల లెక్క అచ్చువేయవద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. మన జిల్లా నుంచి కొందరు యువకులు మోటారు సైకిళ్ళ మీద చైనా దేశం చుట్టి రావడానికి సిద్ధమవుతున్నారన్న వార్తను మీ పత్రిక కడప పేజీలో ఇటీవల చదివాను. బండ్ల పక్కన జెండా పట్టుకుని నిలబడ్డ ఫొటో, ఊరి పెద్దల ఆశీస్సులు, ఎన్ని వేల కిలోమీటర్లు ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారన్న లెక్క, అన్నీ అందులో ఉన్నాయి. ఆ పిల్లల ఉత్సాహం చూసి నిజంగా సంతోషించాను. కానీ శీర్షికలో పెద్ద అక్షరాలతో వేసిన రోజుల లెక్క చూసి మనసు కలత పడింది. సరిగ్గా అలాంటి లెక్క వల్లే 2019లో మేము మాతో వచ్చిన ఒక మనిషిని పోగొట్టుకోబోయి, ఆఖరి గడియలో దక్కించుకున్నాము.

నేను ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు మెకానిక్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. గువ్వలచెరువు ఘాట్ దిగి వచ్చిన బస్సుల బ్రేకు డ్రమ్ములు తాకితే చెయ్యి కాలేంత వేడిగా ఉండడం రోజూ చూసినవాణ్ణి కనుక కొండదారి అంటే భయమూ ఎరుగుదును, గౌరవమూ ఎరుగుదును. 2019 మే నెలలో కడప, ప్రొద్దుటూరు, బెంగళూరులకు చెందిన తొమ్మిది మందిమి చెంగ్డూ వరకు విమానంలో వెళ్ళి, అక్కడ బండ్లు అద్దెకు తీసుకుని, కాంగ్‌డింగ్, లీతాంగ్, షాంగ్రీలా, లీజియాంగ్, దాలీల మీదుగా కున్‌మింగ్ చేరేలా యాత్ర వేసుకున్నాము. చైనా భాష తెలిసిన ఒక గైడు వ్యాన్‌లో మా సామాను వేసుకుని వెంట వచ్చాడు. అంత దూరంలో గుంపుగా వెళ్ళడమంటే ఏమిటో అక్కడే నేర్చుకున్నాను.

ముందుగా కాగితాల సంగతి చెబుతాను. మన రవాణా కార్యాలయంలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఏడాది పాటు చెల్లుతుంది, చాలా దేశాల్లో పనికివస్తుంది కూడా. కానీ చైనా ప్రధాన భూభాగంలో దాన్ని గుర్తించరు. అక్కడ బండి నడపాలంటే మన లైసెన్సును చైనా భాషలోకి తర్జుమా చేయించి, అక్కడి పోలీసు శాఖ నుంచి తాత్కాలిక లైసెన్సు తీసుకోవాలి. సొంత బండి తీసుకువెళ్ళేవారి పని ఇంకా పెద్దది. అనుమతి ఉన్న ట్రావెల్ ఏజెన్సీ ద్వారా నెలల ముందే ఏ రోజు ఏ ఊరి మీదుగా పోతామో రాసిచ్చి ఒప్పించుకోవాలి. సరిహద్దులో కస్టమ్స్ లాంఛనాలు ముగించి తాత్కాలిక నంబరు ప్లేటు పొందాలి, దేశంలో ఉన్నన్నాళ్ళూ గైడును వెంట ఉంచుకోవాలి. గైడు ఖర్చు, అతని బండి ఖర్చు, బస ఖర్చు ఒక్కడి నెత్తిన పడితే మోయలేనంత అవుతుంది. విదేశీయులు చైనాలో గుంపులుగా తిరగడానికి ఇదొక ముఖ్యకారణం. సరదా కోసం ఏర్పడిన గుంపు వేరు, ఒకే అనుమతి కాగితానికి కట్టుబడిన గుంపు వేరు. రెండో రకంలో ఒకడు ఆలస్యమైతే అందరి లెక్కా తప్పుతుంది, అందువల్ల ఎవరూ ఆలస్యం కాకూడదన్న ఒత్తిడి మొదటి రోజు నుంచే ఉంటుంది. టిబెట్‌కు వీటన్నిటిపైన ప్రత్యేక అనుమతి కావాలి, విదేశీయులను అక్కడ గైడు లేకుండా తిరగనివ్వరు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, 2025 అక్టోబరులో కలకత్తా నుంచి గ్వాంగ్జౌకు నేరు విమానాలు మళ్ళీ మొదలయ్యాక, అంతకుముందు ఆ ఏడాదే కైలాస మానససరోవర యాత్ర అయిదేళ్ళ తర్వాత తిరిగి తెరుచుకున్నాక, చైనా దారి గురించి అడుగుతూ మా ఇంటికి వచ్చే పిల్లలు ఎక్కువయ్యారు. వారిలో నలుగురి దగ్గర ఒక ఏజెంటు అడ్వాన్సు తీసుకుని, అంతర్జాతీయ పర్మిట్ ఉంటే చాలు, నేపాల్ మీదుగా మీ బండ్లతోనే నేరుగా లోపలికి పోవచ్చునని నమ్మబలికాడట. నేపాల్, టిబెట్‌ల మధ్య రసువాగఢీ దగ్గరి స్నేహవారధి 2025 జూలై వరదలో కొట్టుకుపోయిన సంగతి కూడా ఆ పిల్లలకు తెలియదు. సిక్కిం సరిహద్దులోని నాథూలా కనుమ దారి చూస్తే వ్యాపారానికీ కైలాస యాత్రికులకూ తప్ప సొంత బండ్లకు తెరవలేదు. ఆ డబ్బు తిరిగి వస్తుందో లేదో చెప్పలేను కానీ, ఒక్క సరైన వార్తాకథనం చదివి ఉంటే వారు ఆ అడ్వాన్సు ఇచ్చేవారు కారు.

మన ప్రాంతం వారికి చైనా దారి కొత్తదేమీ కాదు. చైనా బౌద్ధ యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ తన యాత్రలో చూలియే అని రాసిన దేశం మన రేనాడేనని కొందరు చరిత్రకారులు గుర్తించారు. ఆయన ఏడవ శతాబ్దంలో చక్రవర్తి అనుమతి లేకుండా, పగలు దాక్కుంటూ రాత్రులు నడుస్తూ చైనా సరిహద్దు దాటాడు. ఎడారిలో ఒంటరివాడై, నీటి సంచి చేజారి నేలపాలై, నాలుగు రాత్రులు అయిదు పగళ్ళు చుక్క నీరు లేకుండా గడిపాడని ఆయన జీవితచరిత్రలో ఉంది. ఆ తర్వాత గావోచాంగ్ రాజు ఆయనకు మనుషులను, గుర్రాలను ఇచ్చి, దారిలోని ఇరవై నాలుగు రాజ్యాలకు పరిచయ లేఖలు రాసిపెట్టాడు. అంతటి ధీరుడికి కూడా ఆ తోడు, ఆ లేఖలు దొరికాకే ముందున్న దారులు తెరుచుకున్నాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. మేము బయలుదేరే ముందు ఒక పత్రికలో మా ఫొటో వచ్చింది. పన్నెండు రోజుల్లో యాత్ర పూర్తి అని అందులో వేశారు. ఆ కత్తిరింపును మాలో ఇద్దరు పర్సులో పెట్టుకుని తీసుకువచ్చారు. చెంగ్డూ సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొదటి రాత్రి కాంగ్‌డింగ్‌లో పడుకున్నాము, అది దాదాపు 2,500 మీటర్లు. రెండో రోజు 4,298 మీటర్ల జెదో కనుమ దాటి షిన్‌దూచియావోలో దిగాము, అది మూడువేల నాలుగు వందల మీటర్ల పైచిలుకు. మూడో రాత్రికి లీతాంగ్ చేరాము, అది నాలుగు వేల మీటర్లు దాటిన ఊరు. మన కడప సముద్రమట్టానికి నూటయాభై మీటర్లు కూడా లేదు, మనవాళ్ళు చలికి చెప్పుకునే హార్సిలీ కొండ 1,265 మీటర్లు. మూడు వేల మీటర్లు దాటాక నిద్రపోయే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఎక్కడం ఆపి ఒక రోజు విశ్రాంతి తీసుకోవాలని కొండల వైద్యం తెలిసినవారు చెబుతారు. పగలు కనుమ దాటి కిందికి దిగడం కన్నా రాత్రి ఏ ఎత్తున పడుకున్నామన్నదే ఎక్కువ ముఖ్యం. ఈ లెక్క మా గైడుకు తెలుసు. కాంగ్‌డింగ్‌లోనే ఇంకొక రాత్రి ఉందామని అతడు అడిగాడు. వద్దన్నవారిలో నేనూ ఉన్నాను. నాకేమీ కాలేదు కదా, పోదాం పదండి అన్నాను. ఆ మాట ఈ రోజుకీ నన్ను బాధిస్తుంది.

లీతాంగ్‌లో ఆ రాత్రి ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మాష్టారు అన్నం ముట్టలేదు. నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, రోజూ పరుగెత్తే అలవాటున్నవాడు. "తలకాయ పగిలిపోతాందన్నా" అని రెండుసార్లు అన్నాడు. పొద్దంతా హెల్మెట్ బిగించుకున్నందువల్లేమో అనుకుని మాత్ర ఇచ్చి పడుకోబెట్టాము. రాత్రి రెండు గంటలకు వాంతి చేసుకుని, స్నానాల గదికి వెళ్ళి తిరిగి వస్తూ గోడ పట్టుకుని నడిచాడు. గైడు వచ్చి, హోటలు వరండాలో పలకల మధ్యనున్న గీత చూపించి, మడమకు బొటనవేలు ఆనించి ఆ గీత మీద నడవమన్నాడు. మాష్టారు మొదటి అడుగు వేశాడు, రెండో అడుగు గీతకు జానెడు దూరాన పడింది, మూడో అడుగుకు గైడు భుజం మీదికి వాలిపోయాడు. ఎత్తుకు మెదడు వాచితే మనిషి ఇలా తూలుతాడని, అప్పుడు ఒక్క గంట కూడా ఆగకూడదని గైడు వివరించాడు. ఊరి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, మందు ఇచ్చి, వెంటనే కిందికి తీసుకువెళ్ళమన్నారు. అయితే లీతాంగ్ ఎత్తైన మైదానం మీద ఉన్న ఊరు, అక్కడి నుంచి కిందికి దిగాలన్నా ముందు ఇంకా పైకి ఎక్కాలి. వ్యాన్‌లో ఆక్సిజన్ సిలిండరుతో ఆయనను, తోడుగా నన్ను తీసుకుని గైడు ఆ చీకట్లోనే వచ్చిన దారి పట్టాడు. కనుమలు దాటి యాలోంగ్ నది ఒడ్డున సుమారు 2,600 మీటర్ల ఎత్తులో ఉన్న యాజియాంగ్ చేరేదాకా నేను ఆయన పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను, ఆయన ఊఁ అంటూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి కళ్ళు తేటపడ్డాయి. సాయంత్రం "చారన్నం ఉంటే బాగుండన్నా" అన్నప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

ఈలోగా లీతాంగ్‌లో మిగిలిన ఏడుగురిలో పెద్ద వాదన జరిగింది. ఇద్దరిని వదిలి ముందుకు పోదామని కొందరన్నారు. వారేమీ చెడ్డవారు కారు. పన్నెండు రోజులని పేపర్లో వచ్చింది, ఊళ్ళో ఏమని చెప్పాలి అన్నదే వారి బాధ. చివరికి అందరూ యాజియాంగ్‌కు వెనక్కి వచ్చారు, మూడు రాత్రులు అక్కడే ఆగాము. యాత్ర పన్నెండుకు బదులు పదిహేడు రోజులైంది. మాష్టారు విమానంలో ఇంటికి చేరాడు, తిరిగి బడికి వెళ్ళాడు, ఇప్పుడు క్షేమంగా ఉన్నాడు.

ఇలాంటి ఆపద వయసు చూసి, వ్యాయామం చూసి రాదు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా కొండ ఎక్కే ముందు వాడే ఎసిటజోలమైడ్ మాత్ర ఉంది, అది వైద్యుణ్ణి అడిగి వాడవలసినదే తప్ప స్నేహితుడు చెప్పాడని మింగవలసినది కాదు. ఎత్తున గాలిలో ఆక్సిజన్ పలచబడితే ఇంజను శక్తి కూడా తగ్గుతుంది. మెకానిక్‌గా నాకు అది తెలుసు కనుక బండి గురించే ఎక్కువ ఆలోచించాను. బండి తగ్గితే శబ్దం మారి చెబుతుంది, మనిషి మాత్రం తోటివారి ముందు చిన్నబోతానేమోనని చెప్పడు. అందుకే యాజియాంగ్ తర్వాత పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అందరమూ ఆ గీత నడక నడిచాము, ఎవరికి తలనొప్పి ఉందో గైడు పుస్తకంలో రాసుకున్నాడు. నెమ్మదిగా నడిపేవాడిని ముందు వరుసలో రెండోవాడిగా ఉంచాము, వేగం అతడిదే. అందరికన్నా అనుభవమున్నవాడు చివరన ఉండేవాడు. మలుపు దగ్గర ప్రతివాడూ వెనుకవాడు కనిపించేదాకా ఆగాలన్నది నియమం. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి, పెట్రోలు బంకు నుంచి బయటికి వచ్చేటప్పుడు మన చేతులు అలవాటు కొద్దీ ఎడమకు తిరుగుతాయి. కొన్ని బంకుల్లో మోటారు సైకిలును పంపు దగ్గరికి రానివ్వరు, కెటిల్ వంటి ఇనుప పాత్రలో పెట్రోలు పట్టుకుని దూరాన నిలిపిన బండిలో మనమే పోసుకోవాలి. ఆ హడావిడిలో మాలో ఒకడు తప్పువైపు బయలుదేరబోతే చివరనున్నవాడు హారన్ కొట్టి ఆపాడు. పొడవైన దిగుడులో బ్రేకు మీద కాలు వేసి కూర్చోకుండా చిన్న గేరులో ఇంజనుతోనే బండిని ఆపుకోవాలన్న విషయం గువ్వలచెరువు దిగేవారికి చెప్పనక్కరలేదు.

కనుక మీకు నా మనవి ఇది. మన పిల్లలు దూరదేశాలకు బండ్ల మీద వెళ్ళడాన్ని మీరు తప్పక రాయండి. 2018లో హైదరాబాదు నుంచి నలుగురు స్త్రీలు మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాంల మీదుగా మోటారు సైకిళ్ళపై వేల కిలోమీటర్లు తిరిగి వచ్చినప్పుడు పత్రికలు రాయబట్టే మా వీధిలో ఇద్దరు ఆడపిల్లలు బండి నేర్చుకున్నారు. కానీ బయలుదేరే గుంపు గురించి రాసేటప్పుడు ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారన్న అంకెను దయచేసి వేయవద్దు. ఆ అంకె అచ్చులో కనబడ్డాక అది వారి మాట అవుతుంది, మాట తప్పడం మన సీమలో ఎంత కష్టమో మీకు తెలుసు. దాని బదులు ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటారు, ఆగే రోజులు ఎన్ని పెట్టుకున్నారు, వెనుదిరగాలని చెప్పే అధికారం గుంపులో ఎవరికి ఇచ్చారు అని మీ విలేకరి అడిగితే చాలు. సమాధానం చెప్పలేని గుంపు ఆ రాత్రే కూర్చుని ఆలోచించుకుంటుంది. రవాణా శాఖవారు కూడా అంతర్జాతీయ పర్మిట్ ఇచ్చేటప్పుడు అది చైనాలో చెల్లదన్న ఒక్క వాక్యం దరఖాస్తుదారుకు చెప్పించేలా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఆ ఫొటోలోని యువకులు ఇంకా బయలుదేరలేదని విన్నాను. మా గైడు రాసిన పుస్తకం నకలు, మా తాత్కాలిక లైసెన్సుల నకళ్ళు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వారికి నా చిరునామా అందజేస్తే వారు ఏ రోజు వచ్చినా ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ మెకానిక్,
కడప